ఫెర్రీలో నేర్చుకున్న మూడు గీతలు

నా చిన్నప్పుడు పోర్ట్ బ్లెయిర్‌కి అవతలి ఒడ్డున, హోప్ టౌన్‌లో మా నాన్నకూ, మా చర్చి సంఘ పెద్దకూ మాటల్లేవు. పెద్దయ్యగారు పోర్ట్ బ్లెయిర్‌లో గుమాస్తా. ఇంగ్లీషు బాగా వచ్చు, ఆ సంగతి ఎవరినీ మరిచిపోనిచ్చేవారు కారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ఏదో ఇంగ్లీషు కాగితం చదువుతుంటే, తెలుగులో చెప్పమని నాన్న అడిగాడు. "చేపల కంపు కొట్టే చేతులకి కాగితాలెందుకోయ్?" అన్నారాయన. నాన్న లేచి, "కంపు నా సేతిలో నేదు, నీ నోట్లో ఉంది" అన్నాడు.

ఒకరి గడప ఒకరు తొక్కమని ఇద్దరూ అందరి ముందూ పంతం పట్టారు. పగ పెట్టుకున్నవాళ్లు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోకూడదని మా సంఘం కట్టుబాటు. నెల నెలా రొట్టె పళ్లెం వాళ్ల ముందు నుంచి అలాగే వెళ్లిపోయేది.

ఆ ఏడే నాకు పోర్ట్ బ్లెయిర్‌లో పెద్ద బడి సీటుకు పరీక్ష ఉంది. ఇంగ్లీషులో వ్యాసం రాయాలి. తప్పితే అమ్మతో పాటు చేపల గంప ఎత్తుకోవడమే. మా ఊళ్లో ఇంగ్లీషు చెప్పగలిగింది పెద్దయ్యగారొక్కరే. అమ్మ నాన్నకు తెలియకుండా రేవు దగ్గర ఆయన్ని నిలదీసింది.

"మీ పంతం మీ ఇద్దరిదీ బాబూ. మజ్జిన పిల్లేటి సేసింది?"

ఆయన, "నా గడప మాత్రం తొక్కొద్దు. ఫెర్రీ ఎవరి గడపా కాదు. పొద్దున బోటులో కనిపించమను" అన్నారు.

అలా మా వైపు రేవు బాంబూఫ్లాట్‌లో ఎక్కి పోర్ట్ బ్లెయిర్ వైపు చాతంలో దిగేంతసేపే నా పాఠం. అమ్మ గంపతో వెనక కూర్చునేది. మొదటి రోజే ఆయన నా వ్యాసం చూసి మండిపడ్డారు. మాటలు కలపాల్సిన చోటా, ఆగాల్సిన చోటా నేను ఒకే రకం అడ్డగీత గీసేశాను. "అరే, ఏంటిది? చేపల మీద ఉప్పు జల్లినట్టు జల్లావ్! బాప్ ఎలాగో బేటీ అలాగే." చుట్టూ ఉన్న చాతం కలప మిల్లు కూలీలు నవ్వారు. ఈయన్ని సముద్రంలో పడెయ్యి ప్రభువా అని నేను నిజంగానే ప్రార్థించాను.

మర్నాడు ఆయన రేవులో పక్కపక్కన కట్టిన రెండు డింగీ పడవలను చూపించారు. వాటి మధ్య మూరెడు తాడు. రెండు మాటలు కలిసి ఒకటిగా నడవాలంటే అంత పొట్టి గీత, అటూ ఇటూ ఖాళీ లేకుండా. అది హైఫన్. బాంబూఫ్లాట్ నుంచి చాతం దాకా అన్నా, ఒకటో పేజీ నుంచి పదో పేజీ దాకా అన్నా ఇంకొంచెం పొడుగు గీత. అది ఎన్ డాష్.

"నడి సముద్రంలో ఇంజను ఆగిందనుకో, అందరి తలలూ అటే తిరుగుతాయి. వాక్యాన్ని అలా ఆపి, ఇంకో మాట చెప్పాలంటే అన్నిటికన్నా పొడుగు గీత, ఎమ్ డాష్. మాటిమాటికీ ఇంజను ఆపేవాడికి బోటు ఎవడిస్తాడు? సమఝీ?"

నెల రోజులు నేర్పారు. ఒక్క మెచ్చుకోలు లేదు, నాన్నను తిట్టని రోజు లేదు. ఆఖరి రోజు ఉండబట్టలేక అడిగాను, మా నాన్నంటే పడదు కదా, మరి నాకెందుకు చెప్తున్నారని. ఆయన కాగితం మీది నుంచి తల ఎత్తలేదు.

"మీ నాన్నని నేను క్షమించలేదు. ఆ మనసిమ్మని రోజూ మోకాళ్లూనుతున్నా, రావట్లేదు. ఆ పాపం నాది. అది నీ సీటు కూడా మింగితే రెండవుతాయి. రెండు మోయలేను. బస్, రాయి."

సీటు వచ్చింది. సంగతి తెలిసి నాన్న రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు, కానీ నన్ను బడి మాన్పించలేదు. వాళ్లిద్దరూ చివరిదాకా కలవలేదు. అది మంచిదని నేననను. క్షమించమన్నది ప్రభువు ఆజ్ఞ, అందులో బేరం లేదు.

ఇప్పుడు మా సంఘంలో ఒకామె నా గురించి అనరాని మాట అంది. ఆమె ఎదురైతే ఇంకా నా ఒళ్లు మండుతుంది, ఆ సంగతి దేవుని ముందు దాచను. ఆమె మనవరాలు మాత్రం బుధవారం సాయంత్రాలు ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని మా ఇంటికి వస్తుంది. నాయనమ్మ పేరు నేను ఎత్తను. పాఠంలో ఆ పిల్ల అడిగింది చెప్తాను, అడగనిదీ చెప్తాను.