సన్నమీసాల దొరకు ఎనిమిదిమంది చెల్లెళ్ళు

ఇప్పుడంటే వేలితో గీకితే ఫోన్లో సినిమా వస్తుంది, నచ్చకపోతే ఇంకోసారి గీకితే పోతుంది. నేను కువైట్ వచ్చిన కొత్తల్లో సినిమా అంటే ఇటుకంత నల్ల క్యాసెట్. దాన్ని పెట్టెలోకి తోయాలి, లోపల అది కిర్రుమని మూలగాలి, టీవీ నిండా చీమలు పాకాలి, అప్పుడుగానీ మనిషి కనబడడు. అంత కష్టపడి కనబడ్డాడు కాబట్టి ఆ మనిషిని మేం ఊరికే వదిలేవాళ్ళం కాదు. (రాస్తున్నావా పాపా? నిదానంగానే చెప్తాలే. నాకూ ఆయాసంగానే ఉంది. ఈ మహబూలా బిల్డింగులో లిఫ్టు చెడిపోయి మూడు రోజులైంది, నాలుగంతస్తులు ఎక్కి వచ్చిన మోకాళ్ళివి.) నేను చెప్పబోయేది ఒక అమెరికా హీరో సినిమా జీవితం. అతని సినిమాలు దాదాపు అన్నీ చూశాను. ఒక్క మాట కూడా అర్థం కాలేదు. అయినా అతని గురించి నాకు తెలిసినంత అతని సొంతవాళ్ళకి కూడా తెలిసి ఉండదు.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. రాయచోటి పక్క పల్లె నుంచి ఇళ్ళలో పనికి వచ్చాను. పనిపిల్లను తెప్పించుకున్నవాళ్ళకి మొదటి మూడు నెలలు గడువుండేది. ఆలోపు నచ్చకపోతే మక్తబ్‌కి, అంటే మమ్మల్ని తెప్పించిన ఆఫీసుకి, వెనక్కి ఇచ్చేయొచ్చు, సైజు కుదరని చెప్పుల్లాగా. అలా వెనక్కి వచ్చిన పిల్ల ఆఫీసు బెంచీ మీద కూర్చోవాలి. ఎవరు ముందొచ్చి వేలు చూపిస్తే వాళ్ళ వెంట పోవాలి. వాళ్ళు అన్నం పెట్టేవాళ్ళో చెయ్యి చేసుకునేవాళ్ళో ఎవరూ అడగరు. నాకు ఆ బెంచీ అంటే దడ. ఆ దడలో పట్టుకున్న ప్రతి పనీ చెడగొట్టాను. ఆ ఇంటి యజమానిని బాబా అని, యజమానురాలిని మామా అని పిలవాలి. మొదటి వారం బాబా తొడుక్కునే తెల్లటి పొడుగాటి దిష్‌దాషా మీద ఇస్త్రీపెట్టె మరిచిపోతే, వీపు మీద గోధుమరంగు పడవ తేలింది. రెండో వారం కాఫీ తాగే చిట్టి కప్పులు కడిగి ఒకదాంట్లో ఒకటి దోపాను, అవి ఇరుక్కుపోయాయి, విడదీయబోతే ఆరు పగిలాయి. మూడో వారం చుట్టాలొస్తే పొగ వేసే సుగంధపు చెక్కముక్కలు పళ్ళెంలో కనబడితే, చెత్త అనుకుని ఊడ్చి పారేశాను.

ఆ ఇంటి వంటింట్లో కోనసీమ ఆవిడ ఒకామె పదేళ్ళుగా పాతుకుపోయి ఉండేది. గోదారక్క అనేదాన్ని. ఆమె నెత్తిన చేతులు పెట్టుకుంది.

"ఓసి నీ తెలివి తగలెయ్య! అది ఊదు చెక్కే. నిన్నూ నన్నూ కలిపి తక్కెట్లో వేసినా దాని ఖరీదు రాదు. చెత్తబుట్టలో పోసేవా?"

"నాకేం తెల్సునక్కా. వడ్రంగోళ్ళు ఇడ్సిపెట్టి పోయిన పేళ్ళనుకుంటి."

"బావుంది. మావా ఈ మాటింటే నిన్ను కూడా ఊడ్చేత్తాది."

ఊడ్చేసేదే. ఆఫీసుకు ఫోన్ చేద్దామని మామా రిసీవర్ ఎత్తింది కూడా. అప్పుడు పెద్ద మామా, అంటే మా మామాకి అత్తగారు, లోపలి గదిలోంచి పిలిచింది. "ఆ పిల్లను నా దగ్గర కూర్చోబెట్టండి. కళ్ళున్నాయిగా, నాకు చాలు."

పెద్ద మామాకి కళ్ళకు పొరలు కమ్మి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. అయినా రోజూ సాయంత్రం నమాజు కాగానే టీవీ ముందు కూర్చునేది. పక్కన అట్టపెట్టె నిండా క్యాసెట్లు, అన్నీ ఒకే హీరోవి, అన్నీ నలుపు తెలుపు. పక్క పాపిడి, గీత గీసినట్టు సన్న మీసం. టోపీ తీయడం, పెట్టుకోవడంతోనే సగం సినిమా అయిపోయేది. అతని పేరు నాకు నోరు తిరగలేదు. సన్నమీసాల దొర అన్నాను, అదే ఖాయమైంది. మాటలు ఇంగ్లీషు, అవి ఇద్దరికీ రావు. కింద అరబ్బీ అక్షరాలు. అవి ఆమెకు కనబడవు, నాకు చదవడం రాదు. మా ఇద్దరి మధ్య ఉన్నదల్లా హిందీ. ఆమెది భర్త వ్యాపారం పుణ్యమా అని వచ్చిన బొంబాయి హిందీ, నాది రాయచోటి వీధుల్లో అంటుకున్న హిందీ.

మొదటి రోజు తెర మీద ఓడ కనబడింది.

"దొర పడవ మీద పోతాండాడు మామా."

"ఎక్కడికి?"

నాకేం తెలుసు? కానీ తెలియదంటే బెంచీ. "ఖర్జూరం అమ్మేదానికి మామా." ఆ ముసలి మొహంలో నవ్వులాంటిది కదిలింది. అప్పటిదాకా ఆ ఇంట్లో నా వల్ల ఎవరూ నవ్వలేదు. ఆ నవ్వు చూశాక ఇక నాకు అడ్డే లేదు.

చిక్కేమిటంటే క్యాసెట్లు వరసలో లేవు. పాతికేళ్ళో ముప్ఫయ్యేళ్ళో అతను వేసిన వేషాలన్నీ ఆ పెట్టెలో కలిసిపోయి ఉన్నాయి. సోమవారం జుట్టు నెరిసిన జడ్జి, మంగళవారం పాలుగారే సిపాయి, బుధవారం గుర్రం మీద దుమ్ము రేపుతూ ఎవరినో తరుముతుంటాడు. పెద్ద మామా రెండో రోజే నిలదీసింది: "నిన్న పడవ మునిగింది కదా. ఈ గుర్రం ఎక్కడిది?"

"ఒడ్డుకు కొట్టకచ్చినాడు మామా. పడవ పోయింది గదా, గుర్రం కొనుక్కున్యాడు."

అంతే, ఆ మాటతో అతని సినిమాలన్నీ ఒకే బతుకైపోయాయి. ముందురోజు నెరిసిన తల మర్నాడు నల్లబడితే రంగేసుకున్నాడు. ఒకరోజు కాల్చి చంపితే, మర్నాడు ఆస్పత్రి నుంచి వచ్చాడు. ఇంకో తిప్పలు కూడా ఉండేది. అవి టీవీలో వచ్చినప్పుడు పట్టిపెట్టిన క్యాసెట్లు, టీవీవాళ్ళు ముద్దులన్నీ కత్తిరించేసేవాళ్ళు. దొర మొహం ఆ అమ్మాయి మొహం దగ్గరకు వస్తుంది, వస్తుంది, టక్కుమని చూస్తే దొర రైలెక్కుతుంటాడు. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలియదు. (నిజంగానే తెలియదు పాపా, నవ్వకు.) ఆమె కంట్లో నలుసు పడితే ఊదుతున్నాడని చెప్పాను. సినిమాకి రెండుసార్లయినా ఎవరి కంట్లోనో నలుసు పడేది. పెద్ద మామా తల ఊపి, "మన కువైటే నయం, ఆ దేశంలో దుమ్ము మరీ ఎక్కువలాగుంది" అనేది.

అయిదో రోజు నా నోరు జారింది. కొత్త సినిమాలో కొత్త అమ్మాయి వచ్చింది. ఎవరని పెద్ద మామా అడిగితే, "దొర రెండో పెళ్ళాం మామా" అనేశాను. పెద్ద మామా చేయి తడుముకుంటూ వెళ్ళి టీవీ ఆపేసింది. "ఖలాస్" అంది. ఆ పూట పళ్ళెం ముట్టలేదు. ఇంకోసారి అత్తగారు తిండి మానితే నా సంచి గేటు బయట ఉంటుందని మామా చెప్పింది.

వంటింట్లో గోదారక్క గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "పెద్దయ్యగారు ఖర్జూరం యాపారానికని బొంబాయి ఎళ్ళేవోరంట. ఆయనదీ అదే సన్నమీసవంట. అక్కడే ఇంకోత్తిని చేసుకుని, ఇంకిటు రానేలేదంట. అక్కడే పోయేడంట. ఈవిడ ఆ కుర్చీలోనే కూచుని చూసిందంట, ఏళ్ళూ పూళ్ళూ. ఆవిడ దగ్గరికెళ్ళి రెండో పెళ్ళాం అంటావేంటే!"

అప్పుడు నాకు తెలిసింది నేనెవరి కథ చెబుతున్నానో. మర్నాటి నుంచి దొర ఇంకెవరినీ పెళ్ళి చేసుకోలేదు. మొదటి సినిమాలో ఓడరేవులో రుమాలు ఊపిన ఆమే పెళ్ళాం. మిగతా వాళ్ళందరూ చెల్లెళ్ళు. పెళ్ళాం ఎక్కడని అడిగితే, "ఇంట్లో ఉండాది మామా, తెరలో పట్టల్యా" అనేదాన్ని. ఇంటికెప్పుడు పోతాడని అడిగితే, "ఈ చెల్లెలి పెండ్లి చేసి పోతాడు మామా" అనేదాన్ని. ఆ పెళ్ళయ్యేలోపు ఇంకో క్యాసెట్లో ఇంకో చెల్లెలు దిగేది. ఒకరోజు దొర ఒక చెల్లెల్ని నడుం పట్టుకుని గిరగిరా తిప్పుతున్నాడు. సంగీతం విని పెద్ద మామా మొహం చిట్లించింది.

"చెల్లెలితో డాన్సేమిటి?"

"పెండ్లిలో ఆడాల గదా మామా, నేర్పిస్తాండాడు."

రోజూ నేను వంటింట్లోకి రాగానే గోదారక్క లెక్క అడిగేది: "ఏంటే, దొరగారికి ఇవేళ ఎన్నో చెల్లెలే? ఆ మాతల్లి ఎన్ని పురుళ్ళు పోసుకుందో పాపం, నడుం ఏవైపోయిందో!" ఎనిమిదో చెల్లెలి దాకా వచ్చాం. గడువుకి ఇంకో వారం ఉంది. పెద్ద మామా రెండు పూటలా తింటోంది. నేను బెంచీని మరిచిపోయాను.

ఆ వారంలోనే కాలేజీలో చదివే మనవరాలు, పెద్ద మామాకి ముద్దుల మనవరాలు, ఒక సాయంత్రం వచ్చి మా పక్కన కూర్చుంది. ఇంగ్లీషు వచ్చు. పనివాళ్ళ చేతుల్లో పెరిగింది కాబట్టి మా హిందీ కూడా వచ్చు. తెర మీద దొర పెట్టె సర్దుకుంటున్నాడు. "ఎనిమిదో చెల్లెలికి సంబంధం చూసేదానికి పోతాండాడు మామా" అంటున్నాను నేను. ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, పాపం చెడ్డ ఉద్దేశమేమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్పేసింది: "చెల్లెలేంటి నానమ్మా! ఆమె కోసం పెళ్ళాన్ని వదిలేసి వెళ్ళిపోతున్నాడు. ఇతనికి బాగా పేరు తెచ్చిన సినిమా ఇదే."

మామా గుమ్మంలో నిలబడి అంతా వింది. కళ్ళు లేని ముసలామెకు రెండు నెలలుగా అబద్ధాలు చెప్పానంది. గోదారక్క నా సంచిలో బట్టలు కుక్కుతూ, "నాకు ముందే తెల్సే, ఆరో చెల్లెలి దగ్గర ఆపెయ్యాల్సింది" అని ముక్కు చీదింది.

హవల్లీలో ఆ ఆఫీసు బెంచీ మీద రెండు రోజులు కూర్చున్నాను. మూడో రోజు పదకొండుమంది పిల్లలున్న ఒకామె వచ్చి, నా చేతులు తిప్పి చూసి, బలంగానే ఉన్నాయని తల ఊపి, సంతకానికి పెన్ను అడిగింది. ఆ పెన్ను దొరికి ఉంటే నా కథ ఇంకోలా ఉండేది. ఆఫీసువాడు సొరుగులన్నీ వెతుకుతుండగా మా ఇంటి డ్రైవర్ లోపలికొచ్చాడు. "యల్లా, పద. పెద్ద మామా పిలుస్తోంది."

ఇంట్లో ఏం జరిగిందో గోదారక్క తలుపు దగ్గరే చెవిలో ఊదింది. రెండు సాయంత్రాలు మనవరాలు సినిమా చెప్పిందట, ఒక్క మాట పొల్లుపోకుండా. పెద్ద మామా రెండు రోజులూ పళ్ళెం వెనక్కి పంపిందట. పొద్దున లేచి, ఆ పిల్లను తెచ్చేదాకా మంచినీళ్ళు కూడా వద్దందట.

గదిలోకి వెళ్ళాను. టీవీ ఆపేసి ఉంది. గుమ్మంలో మామా, ఆమె వెనక మనవరాలు. పెద్ద మామా నా అడుగుల చప్పుడు విని, కూర్చోమని నేల చూపించింది.

"పెట్టె సర్దుకుని వెళ్ళాడే ఆ మనిషి, ఏమయ్యాడు?"

అబద్ధం చెబితే మామా ఈసారి డ్రైవర్ని కూడా పిలవదు, తనే గెంటుతుంది. నిజం పెద్ద మామా రెండు రోజులుగా వింటూనే ఉంది. ఇంక నేను చెప్పడానికి ఏం మిగిలింది?

"ఇంటికొచ్చినాడు మామా."

"ఎవరింటికి?"

మామా వైపు చూడలేదు. "పెండ్లాం ఇంటికే మామా."

పెద్ద మామా చాలాసేపు తన చేతులు తనే రుద్దుకుంది. "చాలా ఆలస్యం చేశాడు," అంది.

"చేసినాడు మామా. వచ్చినాడు గదా."

"తిన్నాడో లేదో అడుగు."

అప్పుడర్థమైంది నాకు. ఆమెకు అన్నీ తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. ఏం చేయాలో తోచక, ఆపేసి ఉన్న టీవీ వైపు తిరిగి గట్టిగానే అడిగాను: "దొరా, తిన్యావా?" మనవరాలు ఈసారి నవ్వలేదు. "లేదంట మామా," అన్నాను. "అయితే పళ్ళెం తెమ్మను" అంది. గోదారక్క అన్నం, మాంసం పట్టుకొచ్చింది. పెద్ద మామా ఒక ముద్ద పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు జరిపి పెట్టి, మిగతాదంతా మెల్లగా తాను తినేసింది. ఆమె అంతా తినేదాకా మామా గుమ్మంలోనే నిలబడి, తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారమే నా ఇఖామా, అంటే ఆ ఇంటి పేరు మీద దేశంలో ఉండనిచ్చే కాగితాలు, కదిలాయి.

ఆమె పోయేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. తర్వాత ఇంకో ఇల్లు, దాని తర్వాత ఇంకోటి, ఎవరి గదులు ఎవరివో ఇప్పుడు గుర్తు కూడా రావు. ఇన్నేళ్ళలో ఇంటికి రాని మగవాళ్ళ కథలు చాలామంది ఆడవాళ్ళ నోట విన్నాను, ఈ మహబూలా గదుల్లోనే విన్నాను. ఇప్పుడు ఎవరైనా "వచ్చాడా?" అని నన్నడిగితే, "రాడులేమ్మా, నువ్వు తిని పడుకో" అంటాను. అదే నిజం, అంతకంటే నాకు ఓపిక లేదు. అప్పటి నేననే ఆ పిల్లకు ఇరవై ఏళ్ళు, సంచి ఇంకా చేతిలోనే ఉంది. అయినా బొంబాయి దాకా పోయి, పోయినవాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, పళ్ళెం ముందు కూర్చోబెట్టింది. అప్పుడప్పుడు దాన్ని తలుచుకుని, యాడి నుంచి తెచ్చినావే ఇంత ఓపిక, అనుకుంటూ ఉంటాను.