ఎవరూ పెట్టని వాత

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లు నిండిన పన్నెండో రోజు, భాద్రపదంలో ఒక మంగళవారం, మధ్యాహ్నం మూడుంబావుకు మా చెల్లికి జ్వరం మొదలైంది. మా ఊరు కోంటాలో నాన్న కిరాణా దుకాణంలో, గోడ గడియారం కిందే, అది నా ఒళ్లో తల పెట్టి పడుకుంది. దానికి అప్పుడు ఆరేళ్ల ఐదు నెలలు. అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లి ఇరవై రోజులైంది. మమ్మల్ని నానమ్మ చూసుకునేది. వానలు తగ్గిన దగ్గర్నుంచీ మేమిద్దరం దుకాణం వెనక మోకాలెత్తు గడ్డిలోనే ఆడుకునేవాళ్లం.

నాన్న కాంపౌండరును పిలిచి రోజూ సూది మందు వేయించాడు. తాగడానికి చేదు మందు కూడా ఇచ్చారు. "నీగ్గూడ జ్వరం రావాలక్కా, సగం సగం తాగుదం" అనేది చెల్లి. నేను నవ్వేదాన్ని.

మా వైపు పిల్లలకు జ్వరం దిగకపోతే కాల్చిన ఇనుప చువ్వతో వాత పెట్టేవాళ్లు. నాన్నకు అది గిట్టదు. ఇంట్లో ఆ మాటే ఎత్తొద్దన్నాడు. నాలుగో రోజు, శుక్రవారం, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ నానమ్మ చెల్లి చంకలో నల్లగా మాడిన మచ్చ చూసింది. మా ఇంట్లో గిన్నెలు తోమే, దొర్ల తెగకు చెందిన పిన్ని చాటుగా వాత పెట్టిందనుకుంది. మంచిపనే చేసిందని లోపల సంతోషించి, కొడుకు కంట పడకుండా గౌను చెయ్యి కిందికి లాగింది. ఆ సాయంత్రం పిన్నీ ఆ మచ్చ చూసింది. నానమ్మే పెట్టిందనుకుని, పెద్దింటి గుట్టు తనకెందుకని ఊరుకుంది. నేనూ చూశాను. పెద్దవాళ్ల పని అనుకుని నేనూ అడగలేదు.

తొమ్మిదో రోజు, బుధవారం ఉదయం, సెలవు మీద ఊరెళ్లిన పక్కింటి నర్సు అక్క తిరిగొచ్చింది. అప్పటికి చెల్లి మమ్మల్ని గుర్తుపట్టడం లేదు. అక్క దాని చెయ్యెత్తి చూసి, గొంతు పెంచకుండా అడిగింది.

"ఈ వాత ఎవరు పెట్టిన్రు?"

నానమ్మ పిన్ని వైపు చూసింది.

"నేను గాదు. పెద్దమ్మ పెట్టిందనుకున్న" అంది పిన్ని.

"నేనెందుకు పెడతనే? నువ్వే పెట్టినవని, మా వాడు తిడతడని నేను దాస్తుంటి" అంది నానమ్మ.

అక్క ఆ మచ్చను వేలితో తడిమి చూసింది. "ఎవ్వరూ పెట్టకపోతే ఇది వాత గాదు పెద్దమ్మా. గడ్డిల పురుగు కుట్టిన మచ్చ" అంది.

తర్వాత నన్ను చేతులెత్తమంది. లంగా బొందు వదులు చేయించింది. నా నడుం మీద, బొందు కింద, అలాంటిదే ఒకటి ఉంది. నొప్పి లేదు, దురద లేదు. నా ఒళ్లు అప్పటికే వేడెక్కింది.

ఆ జబ్బు పేరు స్క్రబ్ టైఫస్ అని పెద్దయ్యాక తెలిసింది. కంటికి ఆనని గడ్డిపురుగు కుట్టినప్పుడు దానిలోని జబ్బు క్రిమి ఒంట్లోకి ఎక్కుతుంది. మన కణాల లోపలికి దూరి అక్కడే పెరుగుతుంది. కాంపౌండరు వేసిన సూది మందు దాన్ని ఏమీ చేయలేదు. పనిచేసే మాత్రలు అక్క ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి నుంచి తెచ్చింది. ఇద్దరికీ ఒకే మందు, ఒకే పూట. నాకది జ్వరం మొదటి రోజు, చెల్లికి తొమ్మిదో రోజు. నా జ్వరం మూడు రోజుల్లో దిగింది. చెల్లి గురువారం ఉదయం ఏడున్నరకు పోయింది.

అక్క ఎవరినీ తిట్టలేదు. నాకు మాత్రలు మింగిస్తూ ఒకటే చెప్పింది. "కనబడింది అడగాలె బిడ్డా. తిట్లు పడ్డా సరే, అడగాలె."

ఇప్పటికీ మా వీధిలో ఏ పిల్లకు జ్వరమొచ్చినా మొదలైన రోజు, గంట రాసుకుంటాను. చంకలు, నడుం, చెవుల వెనక వెతుకుతాను. మచ్చ ఏది కనబడినా ఇంట్లో ఒక్కొక్కరినీ అడుగుతాను. నా కోడళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మచ్చ చూసినవాళ్లం ముగ్గురం. అడగకుండా గడిపిన రోజులు ఐదు. పోయింది ఒక్కతే, ఆరేళ్ల ఐదు నెలలది.