పేలకముందే మోగాలి

"బాయిలర్ పేలిందనుకుని మంగలి కుర్చీలోంచి సగం గడ్డంతో పరిగెత్తుకొచ్చానయ్యా!"

"పేలలేదు కదండీ."

"పేలలేదు కాబట్టే అడుగుతున్నాను! మరి నా ఫోనెందుకు మోగింది?"

"పేలాక మోగితే దాన్ని అలారం అనరండీ. సంతాప సందేశం అంటారు."

గాజు తలుపు అవతల, చెంప మీద నురగతో ఊగిపోతున్నది మా లాండ్రీ ఓనరు. చేతులు కట్టుకుని, వినయంగా నిలబడి, మాటకి మాట అప్పజెబుతున్నది మా మామయ్య. తలుపుకి చెవి ఆనించి వింటున్నది నేను.

మామయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. ఏదైనా సరే, జరగకముందే మోగాలి. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే మా లాండ్రీలో ప్రతి మెషీనుకీ ఒక సెన్సరుంది. వేడి ఎంత దాటితే మోగాలి, ఎవరి ఫోనుకి ఏ మెసేజి వెళ్ళాలి అన్నది కంప్యూటర్లో పెట్టే పని మామయ్యది. మెషీన్ల కంపెనీవాళ్ళు పెట్టిచ్చిన హద్దులు ఆయనకి ఆనలేదు. "వీళ్ళకి బొత్తిగా భయం లేదురా" అంటూ అన్నింటినీ కిందికి దించేశాడు. దాంతో మా దగ్గర మెషీన్లు పనిచేసే చప్పుడు కన్నా భయపడే చప్పుడే ఎక్కువ.

మెసేజీలు మరీ ఘోరం. "వేడి పెరిగింది" అని ముక్తసరిగా వస్తే మనిషి కదలడని ఆయన సిద్ధాంతం. అందుకని మెషీన్ల తరఫున ఆయనే రాసేవాడు. బాయిలర్ నుంచి: "ఒంట్లో అదోలా ఉంది. కంగారుపడకండి. కానీ రండి." డ్రైయర్ నుంచి: "గొంతులో దారప్పోగులు అడ్డం పడ్డాయి. నా సంగతి ఎవరికి పట్టింది లెండి."

ఇంట్లోనూ ఇదే గోల. పాలగిన్నెకో సెన్సరు బిగించాడు. అత్తయ్య ఫ్రిజ్‌లోంచి పాలు తీసి పోసిందో లేదో, కొంపలంటుకున్నట్టు మోగింది.

"ఇంకా స్టవ్వే వెలిగించలేదు కదండీ!"

"వెలిగిస్తావుగా!"

నన్ను ఈ లాండ్రీలో పడేసిందీ ఆయనే. డిగ్రీ మధ్యలో వదిలేసి, ఎక్కడా కుదురుగా కూర్చోలేక రోడ్లు కొలుస్తుంటే లాక్కొచ్చి కంప్యూటరు ముందు కూలేశాడు. కాలేజీలో నేను శ్రద్ధగా నేర్చుకున్న విద్య ఒక్కటే, సెలవు చీటీలు రాయడం. అది ఇక్కడ చెల్లదని మొదటిరోజే అర్థమైంది.

మెషీన్లన్నింట్లోకీ మామయ్యకి ముద్దు, మూలనున్న పాత ఇస్త్రీ ప్రెస్. దాన్ని నడిపేది మేమంతా పెద్దమ్మా అని పిలిచే ఒకావిడ. నాలుగు దుప్పట్లు పడగానే ప్రెస్ హద్దు దాటేది, దానంతటదే ఆగిపోయేది. మామయ్య పరుగున వచ్చి, నుదురు చూసినట్టు దాని మీద చెయ్యి వేసి, చుర్రుమంటే ఊదుకుని, "ఇంకా జ్వరం దిగలేదక్కా, నువ్వలా కూర్చో" అనేవాడు. అట్టముక్క తీసుకుని విసిరేవాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం.

గాజు తలుపు తెరుచుకుంది. నేను లోపలికి పడ్డాను.

"విన్నావుగా! ఇక చెప్పే పని లేదు" అన్నాడు ఓనరు. "అన్నీ కంపెనీ అంకెలకి మార్చెయ్. సాయంత్రం మెసేజీలన్నీ నేనే చదువుతాను. ఒక్క పిచ్చిరాత కనబడిందా, రేపట్నుంచి మీ మామయ్య ఇంట్లో పాలగిన్నెకి కాపలా కాసుకోవచ్చు."

నాకూ చెవులు పగిలిపోయి ఉన్నాయేమో, హుషారుగా కూర్చున్నాను. బాయిలర్ నోరు మూయించాను. డ్రైయర్ ఏడుపు ఆపాను. ప్రెస్ దగ్గరికొచ్చి, మెసేజి చదివి, నవ్వబోయి ఆగిపోయాను.

"మోకాళ్ళు లాగేస్తున్నాయి. కాసేపు కూర్చోనివ్వండి."

ప్రెస్‌కి మోకాళ్ళెక్కడివి?

తలెత్తి చూశాను. ప్రెస్ ఆగి ఉంది. మెషీను నడుస్తున్నంతసేపూ ఎవరూ కూర్చోకూడదని ఓనరు రూలు. ఆగిన మెషీను దగ్గర కూర్చుంటే తప్పులేదు. పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటోంది. మామయ్య అట్టతో విసురుతున్నాడు. రోజూ చూసే దృశ్యమే. ప్రెస్‌కి ఒక్క పిసరు గాలి తగలడం లేదని మాత్రం అప్పుడే చూశాను.

వెళ్ళి పక్కన నిలబడ్డాను. "మామయ్యా, జ్వరమేనా దీనికి?"

"మరేమిటనుకున్నావ్?"

"మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నట్టున్నాయే?"

అట్ట ఆగింది. మామయ్య మొహం అచ్చం ఆయన రాసిన బాయిలర్‌లా అయిపోయింది.

"హద్దు మార్చేశావుట్రా?"

"దాని జోలికి పోలేదు. పాత మెషీను, ఇంతకన్నా వేడి తట్టుకోదని చెప్తాను. కానీ ఈ మెసేజి చదివితే పసిపిల్లాడైనా నిన్ను పట్టేసుకుంటాడు. ఇంకేదైనా రాయలేకపోయావా?"

"ఏం చెయ్యనురా, ఉన్నదున్నట్టు రాయడం తప్ప నాకు రాదు."

అటూ ఇటూ చూశాడు. విసనకర్ర అట్టని మా ఇద్దరి మొహాలకి అడ్డం పెట్టి, గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, నీ సెలవు చీటీ చదివి మీ ప్రిన్సిపాల్ కళ్ళు తుడుచుకున్నాడని మీ అమ్మ చెప్పింది. నీకు పుణ్యముంటుంది, ఈ ప్రెస్‌కి కూడా అలాంటిదొకటి రాసిపెట్టరా."