ఏడు విడతల మల్లె టీ

టెక్సాస్‌లో, ప్లేనో ఊళ్ళో మా పెరట్లో నలభై కుండీల మల్లెతోట ఉంది. సరే, నాలుగు కుండీలు. అందులో ఒకటి కరివేపాకు. మిగతా మూడూ మా ఆవిడవి. చలికాలమంతా గరాజ్‌లో పెట్టుకుని పసిపిల్లల్లా సాకుతుంది.

పక్కింట్లో ఒక చైనా పెద్దాయన ఉండేవాడు. సాయంత్రాలు కలిసి నడిచేవాళ్ళం. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇంట్లోనే మల్లెపూలతో గ్రీన్ టీ చేసేదట. విచ్చుకోబోయే మొగ్గల్ని సాయంత్రం టీ ఆకులో కలిపి పెడితే, పొద్దుటికి ఆకు ఆ వాసనంతా పీల్చుకుంటుంది. పూలు ఏరేసి, ఆకు ఆరబెట్టి, మళ్ళీ కొత్త మొగ్గలు కలపాలి. అలా ఏడు విడతలు. అమ్మ పోయాక అలాంటి టీ తాగలేదన్నాడు. వచ్చే శనివారం ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి ఫ్రీమాంట్ వెళ్ళిపోతున్నాడు.

నేను ఊరుకోవచ్చుగా? "మల్లెల సంగతి మాకు పుట్టుకతో తెలుసు. మీరు వెళ్ళేలోపు ఏడు విడతలూ వేసి డబ్బా చేతిలో పెడతాను" అనేశాను.

మర్నాడే మొగ్గలన్నీ కోసేశాను.

"దేవుడికేవండీ?" అంది మా ఆవిడ.

"ఈ వారం మందారాలతో సరిపెట్టుకోమను."

మొగ్గల మీద నీళ్ళు చల్లి, తడిబట్టలో చుట్టి, సాయంత్రం ఆకులో కలిపి మూత బిగించాను. మల్లెపూలంటే అంతే కదా మాకు. మూడు రోజులు అలాగే చేశాను. ఆకు ఆరబెట్టాల్సిన మాట మాత్రం బద్ధకించి వదిలేశాను. బుధవారం మూత తీస్తే తడిసిన గోనెసంచి కంపు, పైన తెల్లగా బూజు.

"ఈ టెక్సాస్ గాలే అంత" అన్నాను.

"గాలేం చేసిందండీ? నీళ్ళు చల్లి మూత పెడితే బూజు పట్టదా? అవేమన్నా జడలో పెట్టుకునే పూలా?"

ఒళ్ళు మండిపోయింది, ఆవిడ మాట నిజమైనందుకు. గురువారం కొట్టుకెళ్ళి మల్లె టీ ప్యాకెట్ కొని, మా స్టీలు డబ్బాలో పోసి ఆయనకిచ్చాను.

వాసన చూశాడు. "ఎన్ని విడతలు?"

"ఏడు."

"రోజుకెన్ని పూలు?"

"బుట్టెడు."

కంచె మీంచి మా మూడు కుండీల వైపు చూశాడు. తిట్టినా బాగుండేది. "కొట్లో కొన్నాను. నాది బూజు పట్టింది" అని ఒప్పేసుకున్నాను.

డబ్బా తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఇది అక్కడ నాకూ దొరుకుతుంది."

శుక్రవారం చెట్లన్నీ వెతికితే పదకొండు మొగ్గలు. ఈసారి చుక్క నీరు తగలనివ్వలేదు. శనివారం పొద్దున పూలు ఏరేసి, రెండు చెంచాల ఆకు కాగితంలో పొట్లం కట్టి, ఆయన కారెక్కుతుంటే ఇచ్చాను.

చాలాసేపు వాసన చూశాడు. "గడ్డి వాసనే" అన్నాడు. మళ్ళీ చూశాడు. "చివర్లో ఏదో ఉంది. ఉందని నేననుకుంటున్నానేమో." పొట్లం చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఎన్ని విడతలు?"

"ఒక్కటే. పదకొండు మొగ్గలు."

కారు సందు మలుపు తిరిగింది. ఆ పదకొండులో అయిదు మా ఆవిడ ముందే దేవుడికి తీసేసింది. అదొక్కటైనా సరిగ్గా చెప్పి పంపాల్సింది.