తలుపు దగ్గర ఇటుక

దయ్యాలను నమ్మే వంశం కాదు మాది. శకునం చూసి ప్రయాణం మానుకున్నవాడిని మా తాత తన పంక్తిలో కూర్చోనిచ్చేవాడు కాదట. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయేది నాకే రుచించడం లేదు కనుక.

ఉద్దనపల్లి దగ్గర, ఒకప్పుడు మాదైన గుట్ట మీద చిన్న అబ్జర్వేటరీ ఉంది. అమావాస్యకు దగ్గరి శనివారాల్లో సాయంత్రం పూట జనానికి ఆకాశం చూపిస్తారు. హోసూరు ఫ్యాక్టరీల కుటుంబాలు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వస్తారు. తెలుగువాళ్ళకు నక్షత్రాల గురించి చెప్పేది నేను. గుట్ట పోయినా దాని మీద నిలబడి మాట్లాడే హక్కు మిగిలిందనుకునేవాణ్ణి.

పైన టెలిస్కోపు ఉన్న గుమ్మటం తలుపుకు లోపలి పిడి ఊడిపోయింది. లోపలికి వెళ్ళేవాళ్ళు ఇటుక అడ్డం పెట్టుకోవాలి.

"ఇటుక పెట్టుకోండి దొరా. ఈ తలుపుకు దొరలెవరో కూలోళ్ళెవరో తెలీదప్పా" అని టెలిస్కోపు చూసుకునే మునిరాజప్ప నన్ను ఎగతాళి చేసేవాడు.

మా ఇంట్లో తలుపు పట్టుకోవడానికే ఒక మనిషి ఉండేవాడు. ఇటుక కోసం నేను వంగలేదు.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే పైకి వెళ్ళాను. గాలికి తలుపు మూసుకుపోయింది. ఫోను, ఉబ్బసం పంపు కింద సంచీలో ఉన్నాయి. పగలంతా ఎండకు కాగిన రేకుల గుమ్మటం. కాసేపటికే ఊపిరి అందడం మానేసింది. కింద జనం కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు వినబడుతోంది. ఒక్క కేక వేస్తే చాలు.

వేయలేదు. మా ఇల్లు వేలంలో పోయిన రోజు తాత మేడగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. గడియ బిగుసుకుపోయిందట, ఆయనకూ ఉబ్బసమే. ప్రాణం పోయేదాకా ఆయన ఎవరినీ పిలవలేదని నాన్న తలెత్తుకుని చెప్పేవాడు. నేనూ అలాగే చెప్పుకుంటూ వచ్చాను. కింద కూర్చున్నవాళ్ళలో మా పొలాల్లో పనిచేసినవాళ్ళ మనవలున్నారు.

పడిపోకుండా టెలిస్కోపు పట్టుకున్నాను. కన్ను దాని అద్దానికి ఆనింది.

మా మేడ కిటికీ కనబడింది, తలకిందులుగా. ఆ టెలిస్కోపులో ఏదైనా అలాగే కనబడుతుంది. ఆ మేడను పడగొట్టి గులాబీలు పెంచే షెడ్లు వేసి చాలా ఏళ్ళయింది. చువ్వలు పట్టుకుని తాత నిలబడి ఉన్నాడు. నోరు పెద్దగా తెరిచి పిలుస్తున్నాడు. ఏ శబ్దమూ లేదు. ఆపకుండా పిలుస్తున్నాడు.

అప్పుడు నేనూ కేక వేశాను.

మునిరాజప్ప వచ్చి తలుపు తీశాడు. నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి, పంపు తెప్పించి ఇచ్చి, లైటు వేసి లోపలంతా వెతికాడు.

"ముందు పిలిచినాయన యాడప్పా? ముసలి గొంతు. చానా సేపు పిలస్తా ఉండె. మేమే ఏదో రేడియో అనుకొని ఊరికే ఉండిపోతిమి."

నేనొక్కణ్ణే ఉన్నానని చెప్పాను. అతను జనం ఎదురుచూస్తున్నారని టెలిస్కోపు ముందున్న మూత తీశాడు. అప్పటిదాకా అది వేసే ఉంది.

ఊపిరాడక అలా కనబడి ఉంటుందని డాక్టరు అన్నాడు. నేను చూసినదానికి ఆ మాట సరిపోవచ్చు, మునిరాజప్ప విన్నదానికి సరిపోదు.

ఒక్కటి మాత్రం ఆలోచిస్తుంటాను. తాత ఎవరినీ పిలవలేదని మాకు చెప్పినవాళ్ళంతా ఆ రోజు తలుపుకు ఇవతల ఉన్నవాళ్ళే.