నైఫ్‌లో మా ఇల్లు అమ్మినప్పుడు

నా చిన్నప్పుడు మేము దుబాయ్‌లో, నైఫ్ బజారు వెనక ఒక మూడంతస్తుల భవనంలో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు, వీధి వైపు సన్నటి బాల్కనీ. కింద అంతా బట్టల కొట్లు, అత్తరు కొట్లు. మా నాన్న ఏసీ మెకానిక్. ఒంగోలు దగ్గర పల్లె నుంచి ముందు తనొక్కడే వచ్చి, కొన్నేళ్ళు పనివాళ్ళ క్యాంపులో ఉండి, ఆ తర్వాత అమ్మనూ నన్నూ పిలిపించుకున్నాడు.

మా ఇల్లు అంటున్నాను గానీ అది మాది కాదు. ఆ రోజుల్లో మనలాంటి వాళ్ళు అక్కడ ఇల్లు కొనుక్కునే వీలు లేదు. భవనం ఒక అరబ్బు పెద్దమనిషిది. అందరూ ఆయన్ని అర్బాబ్ అనేవారు, అంటే యజమాని. అద్దె తక్కువే. అయితే అలాంటి ఇంట్లోకి దిగాలంటే అప్పటిదాకా ఉన్నవాళ్ళకు ఒక పెద్ద మొత్తం ముట్టజెప్పాలి. దాన్ని పగిడీ అనేవారు. మనం వెళ్ళేటప్పుడు, కొత్తగా వచ్చేవాళ్ళ దగ్గర మనం తీసుకోవాలి. అమ్మేది ఇల్లు కాదు, అందులో ఉండే హక్కు.

చాలా ఏళ్ళకు, మా ఊరి శాఖా గ్రంథాలయంలో చేతికందిన పుస్తకమల్లా చదువుతున్న రోజుల్లో, ఇంగ్లండులోనూ ఇలాంటిది ఒకటుందని తెలిసింది. అక్కడ ఫ్లాటు కొన్నా కింద నేల సొంతం కాదట, ఏళ్ళ తరబడి కౌలుకు ఉంటుందట. గడువు దగ్గరపడితే బ్యాంకులు అప్పివ్వవు. అప్పు పుట్టనివాడు కొనలేడు, కొనేవాడు లేక ఉన్నవాడు కదలలేడు. లైబ్రేరియన్ కిటికీలు మూస్తున్నా నేను ఆ పేజీ దగ్గరే కూర్చున్నాను. మా నాన్న పడ్డ అవస్థను, నాన్నను ఎన్నడూ చూడని మనిషి అంత వివరంగా రాశాడు.

అమ్మ ఆ ఇంట్లోనే పోయింది. జ్వరం అనుకున్నాం. నాన్న టాక్సీ కోసం కిందికి వెళ్ళి తిరిగొచ్చేలోపు అయిపోయింది. నాకేమీ అనిపించలేదు. ఏసీ గుర్రుగుర్రుమంటూ తిరుగుతూనే ఉంది, అది మాత్రం గుర్తుంది. ఎదురింటి ఖాలా వచ్చి అమ్మకు స్నానం చేయించింది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, నేనలాగే పిలిచేదాన్ని. ఆమెది కడప. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా మాతో తెలుగే మాట్లాడేది. భర్తకు కింద టైలరు షాపు ఉండేది.

నాన్నతో పనిచేసే ఒకాయన పంచాంగం చూసి, పోయిన నక్షత్రం మంచిది కాదు, ఇల్లు కొన్ని నెలలు మూసిపెట్టాలి అన్నాడు. మూసిపెట్టి మేమెక్కడికి పోతాం? నాన్న ఇల్లు మూయలేదు. కానీ భయం మాత్రం పట్టుకుంది. ఈ సంగతి తెలిస్తే మనవాళ్ళెవరూ ఆ ఇంట్లో దిగరు. అర్బాబ్‌తో రాసుకున్న అద్దె గడువు ఆ చలికాలంతో తీరిపోతుంది. ఈలోపు పగిడీ ఇచ్చేవాళ్ళు దొరికితే మేమిద్దరం కలిసి ఊరికి వెళ్ళిపోవచ్చు, నాన్న అక్కడే చిన్న రిపేరు షాపు పెట్టుకోవచ్చు. దొరక్కపోతే ఇల్లు ఉత్తి చేతులతో అర్బాబ్‌కు అప్పగించాలి. అప్పుడు నన్ను పిన్ని దగ్గరికి పంపేసి నాన్న మళ్ళీ క్యాంపులో మంచం వెతుక్కోవాలి. ఇదంతా నాన్న నాకు ఒక్కసారే చెప్పాడు, అన్నం కలుపుతూ. నేను తలూపాను.

అందుకని ఎవరైనా ఇల్లు చూడటానికి వస్తే, అమ్మ ఊరికెళ్ళిందని చెప్పమన్నాడు. అంతటితో ఆగలేదు. ఆడదిక్కు లేని ఇల్లులా కనిపించకూడదని, మనుషులొచ్చే ముందు అమ్మ ఆకుపచ్చ చీర ఒకటి బక్కెట్లో ముంచి పిండి, బాల్కనీ తీగ మీద ఆరేసేవాడు. వాళ్ళు వెళ్ళాక తీసి మడతపెట్టేవాడు. అలా ఎందుకు చేస్తున్నావని నేను అడగలేదు. బక్కెట్లో నీళ్ళు పట్టి ఉంచేదాన్ని.

వచ్చినవాళ్ళకు ఇల్లు నచ్చేది. డబ్బు దగ్గరే ఆగిపోయేది. ఒక మలయాళీ కొట్టు యజమాని బ్యాంకుకు వెళ్ళి మొహం వేలాడేసుకుని వచ్చాడు. కొత్తగా పెళ్ళైన ఒక జంట వంటింట్లో గ్యాసు పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలో కూడా అనుకున్నారు, మళ్ళీ కనిపించలేదు. చలికాలం సగం గడిచింది.

చివరికి మిగిలింది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక ఫోర్‌మన్. ఎన్నో ఏళ్ళు క్యాంపులో ఉన్నాడు, భార్యనూ పిల్లలనూ తెచ్చుకోవాలని ఆశ. మూడోసారి వచ్చిన రోజు శుక్రవారం. చెప్పులు విప్పుతూనే చెప్పేశాడు.

“బ్యాంకుల ఖలాస్ అన్నరన్నా. ఇల్లు నీది గాదు, నీకు ఇచ్చేటోనిది గాదు, అరబ్బాయనది. మేమేం జూసి పైసలియ్యాలె అని అడుగుతుండు ఆడి ముదీర్, మేనేజర్.”

ఆయనే మళ్ళీ అన్నాడు, సగం ఇప్పుడిస్తా, మిగతాది నెలనెలా పంపిస్తా అని.

“నేను ఊళ్ళో కూర్చుంటే నువ్వు పంపిస్తావని నాకేంటి నమ్మకం?” అన్నాడు నాన్న.

ఆయన నవ్వాడు. అది మంచి నవ్వు కాదు.

“నమ్మకం నాగ్గూడ గావాలె గదన్నా. వదినె ఊరికి పోయిందని నీ బిడ్డ జెప్పవట్టె. నేనొచ్చినప్పుడల్లా గా పచ్చ చీర తీగ మీద తడితోనే ఉండవట్టె. ఊర్ల ఉన్నామె ఈడికొచ్చి చీర ఉతుకుతుందా? గిండ్ల అబద్ధమాడెటోనివి, ఇదే ఇల్లు ఇంకెందరికి జూపెడుతున్నవ్? ఎవరి దగ్గరెంత దీసుకున్నవ్?”

నాన్న మొహం నల్లబడింది. నేను చెప్పిన అబద్ధం, నాన్న ఆరేసిన అబద్ధం ఒకదాన్నొకటి పట్టించాయి. ఇద్దరిలో ఎవరికీ అది ముందు తట్టలేదు. ఫోర్‌మన్ లేచి చెప్పులు వేసుకోబోయాడు.

అప్పుడే ఖాలా టీ గ్లాసులతో వచ్చింది. మా తలుపు తీసే ఉంది, ఆమె తలుపూ తీసే ఉంది, అన్నీ వినే ఉంటుంది. గ్లాసులు కింద పెట్టి, తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి, తీగ మీద చీర తీసి, తడిచీరే మడతపెట్టి నా చేతుల్లో పెట్టింది.

“బేటీ, మీ అమ్మ యాడుందో నువ్వే చెప్పమ్మా ఈ నాయినకి.”

నాన్న తల ఎత్తలేదు. నా గౌను ముందంతా తడిసి చల్లగా అంటుకుంది. “మా అమ్మ చనిపోయింది,” అన్నాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. ఏడుపు రాలేదు. నా గొంతు నాకే ఎవరో పక్కింటి పిల్ల మాట్లాడినట్టు వినిపించింది. ఆ లోపలి గదిలో అని కూడా చెప్పాను, ఎవరూ అడగకపోయినా. ఖాలా వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. ఓదార్చలేదు, దగ్గరికి తీసుకోలేదు. మోకాలికి మోకాలు తగిలేట్టు ఊరికే కూర్చుంది.

ఫోర్‌మన్ చెప్పులు వదిలేసి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. టీ అంతా తాగాడు.

“ముంగటనే జెప్తే అయిపోవు గదనే,” అన్నాడు నాన్నతో.

“చెబితే నువ్వు వచ్చేవాడివా?” అన్నాడు నాన్న. నక్షత్రం సంగతి కూడా అప్పుడే చెప్పేశాడు.

“మా క్యాంపుల ఎవడన్న వోతే, ఆని మంచం మీద మాపటికే ఇంకోడు పండుకుంటడు. తిథులు నక్షత్రాలు జూసుకునే తీరిక మాకేడిదన్నా.”

“నీకు లేదులే, నీ పెండ్లాం చూస్తాది,” అంది ఖాలా. “ఆమెకి గూడా ముందే చెప్పి పిల్చుకోనిరా. వచ్చినాక నా దగ్గర పంచాయితీ పెట్టొద్దు.”

నాన్నా ఫోర్‌మనూ ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో అమ్మ పోయాక ఎవరైనా మనసారా నవ్వింది అప్పుడే. నేను నవ్వలేదు, కానీ విన్నాను.

కథలో అయితే ఆయన కరిగిపోయి పూర్తి మొత్తం ఇచ్చేవాడు. అలా జరగలేదు. ఆయన కొంచెం తగ్గించమన్నాడు, నాన్న తగ్గించాడు. సగం అప్పుడు, మిగతాది నెలనెలా ఖాలా భర్త చేతికి ఇచ్చేట్టు, ఆయన ఊరికి పంపేట్టు మాట్లాడుకున్నారు. నాన్నా, ఖాలా భర్తా ఫోర్‌మన్‌ను అర్బాబ్ దగ్గరికి తీసుకెళ్ళి పరిచయం చేశారు. గడువు తీరకముందే నాన్నా నేనూ ఒకే విమానంలో, పక్కపక్క సీట్లలో ఇంటికి వచ్చాం. వాయిదాలు ఒక్కోసారి ఆలస్యమైనా అన్నీ వచ్చాయి. ఆ డబ్బుతో పెట్టిన షాపులోనే నాన్న చివరిదాకా పనిచేశాడు.

ఖాలాను ఆ తర్వాత నేను చూడలేదు. ఆమె నాకు చేసింది మంచో కాదో అని కొన్నేళ్ళు ఆలోచించాను. తొమ్మిదేళ్ళ పిల్ల చేత, బేరానికి వచ్చిన మనిషి ముందు ఆ మాట అనిపించడం ఏమిటని. పుస్తకాల్లో వెతికాను, దుఃఖం గురించి రాసినవి చాలానే చదివాను. జవాబు దొరకలేదు.

ముందటేడు మా ఆయన పోయినప్పుడు, ఇరుగుపొరుగుకు ఎలా చెప్పాలో తెలియక పిల్లలు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. నేనే వెళ్ళి పక్కింటి తలుపు కొట్టి, పోయాడమ్మా అని చెప్పి, తిరిగొచ్చి కూర్చున్నాను. ఏడుపు అప్పుడూ రాలేదు. కాసేపటికి పక్కింటావిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఖాలాలాగే మోకాలికి మోకాలు తగిలేట్టు నా పక్కన కూర్చుంది.