కొండ అవతలి గొంతు

ఆ కరెంటు కంట్రోల్ రూములో పంతొమ్మిదేళ్ళు పనిచేసిన ఆవిడని చిన్నా పెద్దా అందరూ అక్క అనే పిలిచేవారు. కొండలకి ఇవతల ఒక దేశం, అవతల మరో దేశం. ఇవతల గాలిమరలు, అవతల ఆనకట్టలు. గాలి బాగా వీస్తే ఇక్కడి కరెంటు అటు వెళ్ళేది, వాళ్ళు నీళ్ళు దాచుకునేవారు. గాలి పడిపోతే ఆ నీళ్ళే కరెంటై ఇటు వచ్చేవి. ప్రభుత్వాలు రెండూ సంతకాలు చేసిన ఒప్పందం అది. దాన్ని రోజూ నడిపింది మాత్రం ఒక ఫోను. గంటకోసారి ఇటూ అటూ లెక్కలు చెప్పుకోవాలి.

అవతల ఫోనెత్తేది ఒకాయన. తోడబుట్టినవాళ్ళు లేని అక్కకి ఒప్పందం మొదలైన ఏడాదిలోనే ఆయన అన్నయ్య అయిపోయాడు.

"ఏమ్మా, మీ గాలి ఇవాళ అలిగిందా?" అనేవాడు.

"అలక తీరేదాకా మీ నీళ్ళే దిక్కు అన్నయ్యా" అనేది అక్క.

అంతకు మించి సొంత మాటలకి తీరిక ఉండేది కాదు. అక్క భర్త పోయాక, ఆవిడ మళ్ళీ డ్యూటీకి వచ్చిన రోజున ఆయన ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. అడగకుండానే ప్రతి అంకెనీ రెండుసార్లు చెప్పాడు. ఆ వారమంతా అలాగే చెప్పాడు. విన్నది బుర్రకెక్కని రోజులని ఆయనకెలా తెలిసిందో అని అక్క తరవాత చాలాసార్లు అనుకుంది.

ఒక వేసవిలో ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబన్నాడు. నెల తిరిగేసరికి వేరెవరో ఫోనెత్తి, ఆయన సెలవులో ఉన్నారన్నారు. ఎప్పుడడిగినా అదే జవాబు.

ఒప్పందానికి పదిహేనేళ్ళు నిండాయని కొండ అవతల వాళ్ళ ఊళ్ళో సభ పెట్టారు. అలాంటివాటికి వెళ్ళేది పెద్ద ఆఫీసర్లే. ఏనాడూ ఏదీ అడగని అక్క చీఫ్ ఇంజనీరు గదికి వెళ్ళి, తననీ పంపమని అడిగింది. ఆయన జాబితాలో ఆవిడ పేరు రాసుకున్నాడు.

సభ గుమ్మం దగ్గర అక్క ఒకమ్మాయిని అన్నయ్య గురించి అడుగుతుండగా, వెనక వరసలో మెడకి మఫ్లరు చుట్టుకున్న బక్కపలచటి మనిషి లేచి నిలబడ్డాడు. ఆ గొంతుకి ఆజానుబాహువుని ఊహించుకున్న అక్క, ఆయన్ని దాటి ఇంకెక్కడో వెతికింది. ఆయన దగ్గరికొచ్చి, మఫ్లరు కాస్త తొలగించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. క్యాన్సర్ వచ్చి గొంతు తీసేశారు. మాట విని ఆయన ఆవిణ్ణి గుర్తుపట్టాడు. ఆయన్ని గుర్తుపట్టడానికి అక్కకి ఏ ఆనవాలూ మిగల్లేదు.

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వేదిక మీద ఎవరో ఎంత బొగ్గు ఆదా అయిందో చెబుతున్నారు. ఆయన ఆహ్వానపత్రం వెనక రాసి ఇచ్చాడు: "ఏదైనా మాట్లాడమ్మా. వింటాను."

అక్క నోటికి అంకెలే వచ్చాయి. పొద్దున గాలి వేగం ఎంత, ఎన్ని మరలు తిరుగుతున్నాయి, ఎంత కరెంటు కొండ దాటుతోంది, అన్నీ మెల్లగా చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

మూడు నెలలకి ఆయన పోయాడు. ఆ కబురు రోజువారీ నివేదిక అడుగున ఒక్క వాక్యంగా వచ్చింది. అక్క తన వంతు నివేదిక నింపి, సంతకం పెట్టి, బాత్రూములోకి వెళ్ళి ఏడ్చింది.

ఆ ఏడాదే లెక్కలు చెప్పుకునే పని కంప్యూటర్లకి అప్పగించారు. ఆ ఫోను లైను ఇంకా కావాలా అని పైనుంచి కాగితం వచ్చింది. సీనియరు కనక బదులు రాయాల్సింది అక్కే. రెండ్రోజులు బల్లమీదే పెట్టుకుంది. మూడోరోజున, నిజం అదే కాబట్టి, "అవసరం లేదు" అని రాసింది. మధ్యాహ్నం మనుషులొచ్చి ఫోను విప్పి తీసుకెళ్తుంటే, అక్క తెర మీద గాలి లెక్కలు చూస్తూ తలెత్తలేదు.